మెరకకు వెళ్లే లైను

వానలు, 9వ రోజు. మెరక తీసుకున్నది: పొద్దున 412, సాయంత్రం 412.

ఈ రోజు నా గీతకు సన్మానం జరిగింది.

మెరక నగరం నలభై రోజులుగా పొద్దుమాపుల తేడా లేకుండా ఒకే లెక్కన కరెంటు తీసుకుంటోంది. నాలుగు వందల పన్నెండు మెగావాట్లు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. లోడు పుస్తకంలో నేను గీసిన గీత స్కేలు పెట్టి కొట్టినట్టుంది. మా ప్లాంటు పెద్ద పాత్రుడు గారు ఆ కాగితాన్ని క్యాంటీను గోడకు అంటించి, ఊరందరికీ సేమ్యా పాయసం పోయించారు. మా నల్లతిప్పలో ఇది ఆనవాయితీ. ముప్పై రోజులు గీత వంకర పోకపోతే దాన్ని చదును నెల అంటాం, పండగ చేసుకుంటాం. నా ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఇదే మొదటిది. అందుకని రెండు గిన్నెలు తాగాను.

బయటివాళ్లకు ఇది పిచ్చిగా కనిపిస్తుందేమో. కానీ కరెంటు గాదెలో పోసి దాచే సరుకు కాదు. మెరకలో ఎవరో మోటారు వేస్తే ఇక్కడ మా టర్బైను ఆ క్షణాన్నే ఆ బరువు మోయాలి. ఆపేస్తే ఆ క్షణాన్నే తేలికై పరుగందుకుంటుంది. అది సెకనుకు యాభై సార్లు తిరగాలి, అంతే తిరగాలి. దాన్ని తిప్పే ఆవిరి రియాక్టరు వేడి నుంచి వస్తుంది, ఆ రియాక్టరేమో గ్యాసు పొయ్యిలా చెవి మెలిపెడితే తగ్గే రకం కాదు. మెరక జనం అందరూ ఒక్కసారి టిఫిన్లకు కూర్చుంటే ఇక్కడ మాకు చెమటలు పట్టేవి. వాళ్లు ఒక్కసారి పడుకుంటే మళ్లీ చెమటలు. ఇన్నేళ్లకు వాళ్లకు బుద్ధి వచ్చిందని అందరం అనుకున్నాం.

రియాక్టరు గదిలో పనిచేసే నూకరత్నం మా పిన్ని కూతురు. పాయసం గిన్నె పట్టుకుని నా పక్కన చేరింది. "వరాలప్పా, ఇంక నీకు ఉజ్జోగం ఏటి? గీత దానికదే గీసేసుకుంటాది" అంది. దాని నోటికి హద్దూ పద్దూ లేదు.

సాయంత్రం ఆరుకు మెరకకు ఫోను చేశాను. సముద్రం ఊళ్లమీదికి వచ్చాక జనమంతా మెరక ఎక్కేశారు. ప్లాంటును ఎత్తుకుపోలేరు కాబట్టి దాన్ని చూసుకునే నాలుగు వందల ఇరవై మందిమి ఈ తిప్ప మీద మిగిలాం. వానలు వెలిశాక ఏడాదికోసారి సరుకుల పడవ వస్తుంది. మిగతా రోజుల్లో మాకూ వాళ్లకూ మధ్య ఉన్నవి రెండే, మూడు వందల కిలోమీటర్ల లైను, దాని వెంట వచ్చే ఫోను. ఫోనులో సంఖ్యలే మాట్లాడాలి. దాన్ని లైను మర్యాద అంటాం. ఒకప్పుడు మా ఆపరేటరొకడు కూతురి సంబంధం గురించి అవతలివాడితో ముచ్చట పెట్టుకుని, మీటరు ముల్లు యాభై నుంచి జారిపోతున్నా చూసుకోలేదు. మెరక మూడు రోజులు చీకట్లో ఉంది. అప్పటి నుంచి ఈ కట్టుబాటు.

ఆ విషయంలో నా అంత ఖచ్చితమైన మనిషి ఈ ఊళ్లో లేదు. పోయిన వారం అవతలి గొంతు "అమ్మా, ఒక ముచ్చట..." అని మొదలుపెట్టింది. "సంఖ్య చెప్పండి" అన్నాను. అంతకు ముందూ ఒకసారి అలాగే కోసేశాను. సంఖ్య చెప్పాడు, పెట్టేశాడు.

వానలు, 17వ రోజు. మెరక 412, తర్వాత 406.

పొద్దున పదీ ఇరవైకి గీత ఒక్కసారిగా ఆరు మెగావాట్లు దిగింది. జారలేదు, మెట్టు దిగినట్టు దిగింది. నూకరత్నం ఆవిరి తగ్గించి సర్దేసింది. చదును నెల పోయిందని క్యాంటీనులో నన్ను పరామర్శించినవాళ్లే ఎక్కువ.

వానలు, 23వ రోజు. మెరక 400.

మళ్లీ ఆరు. మళ్లీ మెట్టే.

ఇలాంటి మెట్లు మునుపెప్పుడైనా పడ్డాయేమోనని అటక మీంచి పాత లోడు పుస్తకాలు దింపాను. దుమ్ముకు తుమ్ములు తప్ప మెట్లేమీ దొరకలేదు. కానీ చూస్తూ చూస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. పన్నెండేళ్ల కిందటి మామూలు రోజు. ఐదున్నరకు గీత కొంచెం లేచింది, నీళ్ల మోటార్లు. ఆరున్నరకు ఇంకా లేచింది, పొయ్యిలు. పదికి తగ్గింది, పిల్లలు బడికి పోయారు, ఇళ్లలో పని తెమిలింది. ఒంటిగంటకు చిన్న గూని. సాయంత్రం దీపాలు. ఆదివారం నాడు ఆ గీత గంట ఆలస్యంగా నిద్ర లేచింది. పండగ రోజు అసలు పడుకోలేదు.

నలభై రోజుల నా అందమైన గీతలో ఎవరూ నిద్ర లేవలేదు. ఎవరూ వండుకోలేదు. దీపం పెట్టలేదు, ఆర్పలేదు.

బుద్ధి ఉన్నవాళ్లు ఎవరైనా మొదటి రోజే భయపడేవాళ్లు. మేం పాయసం తాగాం.

వానలు, 24వ రోజు. మెరక 400.

పాత్రుడు గారికి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన మంచివారే. కాకపోతే ఒక విషయం నమ్మడానికి ఆయనకు మూడు సంతకాలు కావాలి.

"ఏటమ్మా ఇది? గీత వంకర పోతే నీకు బాదే, తిన్నగా ఉన్నా బాదేనా?"

"మెరకలో మనుసులు నేరేమో బాబూ" అన్నాను.

"మనుసులు నేకపోతే రోజూ రెండు పూటలా ఫోను ఎత్తుతున్నది ఎవలు? మిసనా?"

"ఒక్కడే ఎత్తుతున్నాడు బాబూ. పొద్దునా ఆడే, సాయంత్రమూ ఆడే. ఒక్క సెలవు పెట్టనేదు ఇన్నాళ్లూ."

పాత్రుడు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకో వారం చూద్దాం అన్నారు. నేను లైను మర్యాద తప్పడానికి అనుమతి అడిగాను. అది ఆయన చేతిలో లేదట. మరెవరి చేతిలో ఉందని అడిగితే మెరక వాళ్ల చేతిలో అన్నారు.

వానలు, 31వ రోజు. మెరక 382.

వారంలో మూడు మెట్లు. అనుమతి కోసం ఎదురుచూడలేదు. సాయంత్రం ఆరుకు ఫోను ఎత్తగానే అడిగేశాను.

"బాబూ, నీతోటి అక్కడ ఎవలున్నారు?"

నెమ్మదిగా, "సంఖ్య చెప్పాల్నా అమ్మా?" అన్నాడు.

"ఒద్దు నాయినా. సంఖ్య ఒగ్గేయ్. మనిసి సంగతి సెప్పు."

"ఎవ్వలు లేరమ్మా. నేనొక్కణ్ణే ఉన్న." అతని పేరు ఓదెలు అని అప్పుడే తెలిసింది. "ఎండకాలంల జరాలొచ్చినయి. సచ్చిపోయినోళ్లు పోయిండ్రు, మిగిలినోళ్లు ఉత్తరం దిక్కు ఎల్లిపోయిండ్రు. మా సార్లు పోయేటప్పుడు చెప్పిండ్రు, ఓదెలూ, మోటర్లన్ని చాలూ జేసి పెట్టు, నంబర్లు చెప్పుకుంట ఉండు, నల్లతిప్పోళ్లకు తెల్వనియ్యకు, తెలిస్తె వాళ్లు ప్లాంటు ఇడిసిపెట్టి ఉరుకుతరు, పది దినాలల్ల మనుషుల్ని తోల్తం అని. రెండు నెలలాయె. ఎవ్వలు రాలే."

"ఏ మోటార్లు?"

"ఏటి నీళ్లు డ్యాములకు ఎత్తిపోసేటియి. ఒక్కొక్కటి ఆరు మెగావాట్లు. ఇగ మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజీలు, ఈది లైట్లు. అన్ని ఏసే ఉన్నయి, ఆర్పేటందుకు మనిషే లేడు. మోటర్లకు నేనే గ్రీజు పెడుతున్న. ఒక్కణ్ణి ఎన్నిటికని పెడ్త? ఒక్కొక్కటి కాలిపోతున్నది."

"మరి మాకెందుకు సెప్పనేదు?"

"చెప్పొద్దన్నా సరే చెప్పబోయిన గదమ్మా, రెండుసార్లు. నువ్వు సంఖ్య చెప్పుమన్నవు."

తలుపు దగ్గర నిలబడి పాత్రుడు గారు అంతా విన్నారు. నాకు ఏడుపు వచ్చింది. డ్యూటీ కుర్చీలో కూర్చుని ఏడవడం ఇదే మొదటిసారి.

వానలు, 33వ రోజు. మెరక 370.

క్యాంటీనులో ఊరంతా కూర్చుంది. పాయసం నాటి కాగితం ఇంకా గోడ మీదే ఉంటే నేనే చింపేశాను.

నూకరత్నం బల్ల ఎక్కి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. "రెండొందల కిందకి లోడు పోతే టర్బైను ఒణుకుతాది, దాన్ని ఆపేయాల. ఆపడం పెద్ద పని కాదు. ఆపినాక ఏటి సేస్తాం, అదే సంగతి. పొయ్యి ఆర్పేసినా నిప్పుల మీద కుండ ఉడుకుతానే ఉంటాది కదా. రియాక్టరూ అంతే. దాన్ని సల్లార్చడానికి నీళ్ల పంపులు ఆడతానే ఉండాల, ఎనిమిది నెలలు. పంపులకి కరెంటు కావాల. మన టర్బైను ఆగిపోయాక ఆ కరెంటు మనకి ఎక్కడిది? మెరక డ్యాము నుంచి రావాల, ఈ లైను మీంచే."

"డీజిలు ఉంది కదా" అన్నారెవరో.

"పది రోజులకి ఉంది."

పారిపోదామని ఎవరూ అనలేదని గొప్పలు పోను. అన్నారు. చుట్టూ నలభై కిలోమీటర్ల ఉప్పు బురద, వానాకాలం, మంచాన పడ్డ ముసలివాళ్లు, చంటిపిల్లలు. ప్లాంటు ఉడికితే ఆ గాలి బురదలో నడిచేవాళ్లను వదలదు. అన్నవాళ్లే మాట వెనక్కి తీసుకున్నారు.

లోడు మనమే తీసుకుందాం అని ఇంకొకరు అన్నారు. సరే, అది కూడా చూశాం. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఊళ్లో ఉన్న ప్రతి పొయ్యీ, ఇస్త్రీ పెట్టే, నీళ్ల హీటరూ, మిక్సీ వేశారు. ఆడవాళ్లు మడతల్లో ఉన్న పట్టుచీరలు కూడా తీసి ఇస్త్రీ చేశారు. ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు, బియ్యం, ఏది దొరికితే అది పిండి కొట్టారు. ఊరంతా తుమ్ములు. మొత్తం కలిపి ముప్పావు మెగావాటు. ఇన్నాళ్ల తర్వాత అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఐదింటికి అన్నీ ఆపేసి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాం.

మిగిలిన దారి ఒక్కటే. ఓదెలు బాగున్నప్పుడే, లైను బాగున్నప్పుడే, మనమే పద్ధతిగా ఆపేయాలి. తర్వాత అతను డ్యాము టర్బైను తిప్పి మాకు కరెంటు పంపాలి, ఎనిమిది నెలలు, ఒంటరిగా.

అడగాల్సింది నేనే. అడిగాను. ఎనిమిది నెలలు అన్నాను. మళ్లీ చెప్పాను.

"ఇనవడ్డదమ్మా" అన్నాడు. "నేను రేపు పోదామనుకున్న. సంచి గూడ కట్టుకున్న."

నేను బతిమాలలేదు. బతిమాలే ముఖం నాకు లేదు.

"సరె" అన్నాడు. "ఉంట. గని ఒక్కటే. మాట్లాడుండ్రి నాతోని. నంబర్లు గాదు. ఏదన్న."

వానలు, 36వ రోజు. పొద్దున మెరక 352. సాయంత్రం సున్నా. ఆ తర్వాత మెరక నుంచి మాకు 12.

రియాక్టరు ఆపేశాం.

రెండు రోజులుగా నూకరత్నం వేడి తగ్గిస్తూ వచ్చింది. అక్కడ ఓదెలు దానికి సరిపడా మోటార్లు ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చాడు. ఈ రోజు తొమ్మిది గంటలపాటు ఫోను కింద పెట్టలేదు. నేను "ఆపు" అంటే అతను సైకిలు మీద పరుగెత్తి ఆపి వచ్చి "ఆపిన" అనేవాడు. రొప్పు వినిపించేది. చివరికి లైను మీట విప్పేశాం. టర్బైను మోత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ మోత వింటున్న వాళ్లం, చెవుల్లో ఏదో ఊడిపోయినట్టుంది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

పంపులను డీజిలు మీద నడుపుతూ కూర్చున్నాం. ఓదెలు డ్యాము తూము ఎత్తాలి, అక్కడి చిన్న టర్బైనును యాభైకి తేవాలి, లైనును కలపాలి. ఆ పని అతను ఎన్నడూ చేయలేదు. మెరక స్విచ్‌యార్డు బొమ్మ నాకు కంఠతా వచ్చు. ఏ మీట తర్వాత ఏ మీటో ఇక్కడి నుంచి చెబుతూ పోయాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి మా ముల్లు కదిలింది. నలభై ఏడు, నలభై తొమ్మిది, యాభై.

"అస్తున్నదా అమ్మా?" అన్నాడు.

"ఒచ్చినాది నాయినా. ఒచ్చినాది."

అరవై ఏళ్లుగా మేం పంపిన దారినే మాకు కరెంటు వస్తోంది. పన్నెండు మెగావాట్లు. డీజిలు ఆపేశాం. ఒక రోజుకు సరిపడా తాగేసింది, ఇక తొమ్మిది రోజులకు ఉంది.

వానలు, 44వ రోజు. మెరక నుంచి 12.

లైను మర్యాద రద్దయింది. పాత్రుడు గారు దానికీ ఒక పట్టిక వేశారు, ఇంటికి పావుగంట. మొదటి వంతు ఆయనదే. ఏం మాట్లాడాలో తోచక ఓదెలుకు గోదాములోని సామాన్ల జాబితా చదివి వినిపించారు. ఓదెలు మధ్యలో ఆపి "సారూ, పెండ్లయిందా?" అని అడిగాడట. ఆ తర్వాత ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. పట్టిక తలకిందులైంది.

అతని సంగతులు ఇప్పుడు ఊరందరికీ తెలుసు. భార్య లచ్చవ్వ వైశాఖంలోనే జ్వరంతో పోయింది. కోల్డ్ స్టోరేజీలో లక్ష బస్తాల మిర్చి ఉంది, కూరలోకి ఉల్లిగడ్డ ఒక్కటీ లేదు. మక్కగట్క, అదే మొక్కజొన్న నూక సంకటి, తింటున్నాడు. డ్యాము నిండుగా ఉంది, నీళ్లకు భయం లేదు. అతని భయమల్లా చెత్త జాలి గురించే. వానకు కొమ్మా రెమ్మా కొట్టుకొచ్చి తూము ముందున్న ఇనుప జాలికి పట్టేస్తాయి. రోజూ దిగి గొర్రుతో లాగేయాలి. మూడు రోజులు వదిలేస్తే నీళ్లు అందక టర్బైను ఆగిపోతుంది. అది చెప్పేటప్పుడు అతని గొంతులో హాస్యం ఉండదు.

వానలు, 58వ రోజు. మెరక నుంచి 12.

మాట్లాడుతూ దగ్గాడు. గట్క గొంతుకడ్డం పడిందన్నాడు.

వానలు, 63వ రోజు. మెరక నుంచి 12.

"కాళ్లు గుంజుతున్నయమ్మా. ఒళ్లు కాలిపోతున్నది" అన్నాడు. తర్వాత మామూలుగా, "లచ్చవ్వకు గూడ గిట్లనే షురువయింది" అన్నాడు. ఈ రోజు జాలి దగ్గరికి కూర్చుని కూర్చుని పోయాడట.

ఫోను పెట్టేశాక పాత్రుడు గారు నా వైపు చూశారు. ఆయన అడగకముందే నేను వెళతానన్నాను. నాకు యాభై మూడేళ్లు, మోకాళ్లు చప్పుడు చేస్తాయి. కానీ అక్కడి మీటలన్నీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇంకో కారణం కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు.

తోడుగా సన్నిబాబు వస్తానన్నాడు. నూకరత్నం మొగుడు, లైన్‌మన్, టవర్ల దారి వానలోనూ గుర్తుపట్టగలడు. సగటున రోజుకు పంతొమ్మిది కిలోమీటర్లు నడిస్తే పదహారు రోజులు. ఓదెలు పదహారు రోజులు జాలి దగ్గరికి పోగలగాలి. జ్వరం ఊరికి వెళుతున్నామన్న మాట ఎవరూ ఎత్తలేదు.

వానలు, 66వ రోజు.

పొద్దున బయలుదేరేముందు ఓదెలుతో మాట్లాడాను. వస్తున్నామని చెబితే వద్దన్నాడు, జరం అంటుకుంటదన్నాడు. వస్తున్నామని మళ్లీ చెప్పాను. "అయితె జెల్ది రాండ్రి" అన్నాడు.

నూకరత్నం గేటు దాకా వచ్చింది. చిన్న కొడుకును చంకలో వేసుకుని, "నా మొగుణ్నీ నిన్నూ ఒక్కసారే పంపిస్తన్నాను అప్పా. నానిక్కడ పంపుల కాడ కూకుంటాను" అంది.

లోడు పుస్తకం వెంట తీసుకెళ్లి రోజూ లైను సంగతి రాయమని పాత్రుడు గారి ఆజ్ఞ. కిలోన్నర బరువు. ఆయన ఆయనే.

వానలు, 69వ రోజు. 128వ టవరు. లైను మోగుతోంది.

బురద దాటాం. మొదటి మూడు రోజులు తొడల దాకా దిగబడి నడవడం వల్ల అనుకున్నదాంట్లో మూడో వంతు తగ్గిపోయింది. గట్టి నేల వచ్చింది కాబట్టి ఇక పుంజుకోవాలి.

ఇక్కడ ఫోను లేదు, ముల్లు లేదు. ఉన్నది తల మీది లైను ఒక్కటే. సన్న చినుకుల్లో అది మూకుడులో తాలింపు వేసినట్టు చిటపటలాడుతుంది. ఆ చప్పుడు ఉన్నంతవరకు డ్యాము తిరుగుతోందని, పిల్లల దగ్గర పంపులు ఆడుతున్నాయని అర్థం. పడుకునేముందు, లేవగానే, ప్రతి టవరు కింద ఆగి వింటున్నాం. సన్నిబాబు మాటకారి, అయినా నడిచేటప్పుడు మాట్లాడటం మానేశాడు.

వానలు, 71వ రోజు. 257వ టవరు. మోగుతోంది.

దారిలో ఒక ఊరు. వీధి లైట్లు లేవు, మనుషులు లేరు, ఒక తలుపు గాలికి కొట్టుకుంటోంది. లోపలికి పోలేదు. నా ఎడమ మోకాలు వాచింది. సన్నిబాబు గుడ్డ కట్టాడు.

"వదినా, ఆయన జాలి కాడికి పోతన్నాడంటావా?"

"పోకపోతే ఇది మోగదు కదా మరిదీ" అన్నాను. జాలి ఎవరూ తీయకపోయినా మూడు రోజులు మోగుతుందని ఇద్దరికీ తెలుసు.

వానలు, 72వ రోజు. 318వ టవరు.

పొద్దున పదిన్నరకు చప్పుడు ఆగింది.

చినుకు పడుతూనే ఉంది. గాలి వల్ల వినపడలేదేమోనని గంటసేపు ఆ టవరు కిందే నిలబడ్డాం. సన్నిబాబు టవరు కాలికి చెవి ఆనించి విన్నాడు. నన్నూ వినమన్నాడు. వాన నీళ్లు ఇనుము మీంచి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓదెలు పోయి ఉంటాడు, లేదా లేవలేకుండా ఉంటాడు. ఎప్పటి నుంచో, ఎన్ని రోజులు పిలిచి ఉంటాడో తెలియదు. ఈ పాటికి నల్లతిప్పలో నూకరత్నం డీజిలు మీట వేసి ఉంటుంది.

సన్నిబాబు వెనక్కి తిరిగి మేం వచ్చిన దిక్కే చూస్తూ నిలబడ్డాడు.

"ఎనక్కి పోదాం వదినా. పిల్లలు..." అన్నాడు, ఆగిపోయాడు. పోయి ఏం చేస్తాడు, పక్కన కూర్చోవడం తప్ప. అది అతనికే తెలిసింది. టవరు దిమ్మె మీద కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. నేను అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ వెనక్కి పోవాలనే ఉంది. ఇంత భయం నా జన్మలో ఎరగను.

తర్వాత లెక్క వేశాను. వాళ్ల దగ్గర డీజిలు తొమ్మిది రోజులు. మాకు డ్యాము ఇంకా పది రోజుల నడక, అక్కడికి చేరాక జాలి లాగడానికి, లైను కలపడానికి ఒక పూట. అంటే ఒకటిన్నర రోజు చాలదు. ఇప్పటిదాకా చీకటి పడగానే ఆగుతున్నాం, ఇక ఆగకూడదు. రోజుకు నాలుగు గంటల నిద్ర. వంట గిన్నెలు, రెండో దుప్పటి, బియ్యంలో సగం ఇక్కడే పారేస్తున్నాం. అటుకులు ఉంచుకున్నాం. అప్పుడు ఎనిమిది రోజుల్లో చేరవచ్చు.

సన్నిబాబు లేచి నా సంచి కూడా తన భుజానే వేసుకున్నాడు. పుస్తకం వైపు చూశాడు గానీ పైకి అనలేదు. కిలోన్నర బరువు, నాకూ తెలుసు. ఇది రాయగానే దీన్ని గొంగళి గుడ్డలో చుట్టి, వాన తగలకుండా టవరు కాలికి కట్టేసి వెళుతున్నాను.

ఇది ఎవరికైనా దొరికితే వెనక్కి నల్లతిప్పకు పోవద్దు, లైను వెంట మెరక డ్యాముకే వెళ్లండి. నల్లతిప్పలో ఇంకా నాలుగు వందల పద్దెనిమిది మంది ఉన్నారు.